బీరువా తాళం ఎవరి దగ్గర?

స్త్రీల మీద ఏదైనా దారుణం పేపర్లకెక్కగానే “మీరూ ఒక తుపాకీ కొనుక్కోండి” అనే సలహాదారులు బయల్దేరతారు. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరం తర్వాత ప్రభుత్వమే ఆ సలహాదారు అయింది. 2014 జనవరిలో కాన్పూరులోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం ‘నిర్భీక్’ అనే రివాల్వరును మహిళల కోసమంటూ అమ్మకానికి పెట్టింది. బరువు అరకిలో, ధర 1,22,360 రూపాయలు. అదీ నగలపెట్టెలో పెట్టి! మనల్ని కాపాడాల్సిన సర్కారు దుకాణం తెరిచి కూర్చుంది. ఇళ్లల్లో పనిచేసే మనిషి, రాత్రి డ్యూటీ దిగి బస్సు కోసం నిలబడే ఆయా ఆ డబ్బు ఎక్కడినుంచి తెస్తారు?

కొనగలిగినవాళ్లకైనా అది అంత సులువు కాదు. 21 ఏళ్లు నిండాలి. లైసెన్సుకు దరఖాస్తు పెట్టాలి, పోలీసు విచారణ జరగాలి. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం పట్టుకోవడం, పేల్చడం, భద్రపరచడం నేర్చుకున్నట్టు సర్టిఫికెట్ కావాలి. ఒకసారి నేర్చుకుంటే చేతికి అలవాటు కాదు, సాధన చేస్తూనే ఉండాలి. తూటాలకు మళ్లీ డబ్బు. ఇంట్లో తాళం వేసి దాచాలి.

ఆ తాళం ఎవరి దగ్గర ఉంటుంది? నేనడిగేది ఇదే. జీతం తెచ్చి మొగుడి చేతిలో పెట్టాల్సిన ఇంట్లో రివాల్వరు మాత్రం ఆమె చేతిలో ఉంటుందా? జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో ఏటా స్త్రీలపై నేరాల్లో పెద్ద వాటా భర్త, అతని బంధువులు పెట్టే హింసదే. అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు తెలిసినవాళ్లే. తాగొచ్చి కొట్టేవాడున్న ఇంటికి తుపాకీ చేరితే రేపు అది ఎవరి మీద పేలుతుంది?

ఆయుధం పట్టిన స్త్రీలంటే నాకు గౌరవమే. తెలంగాణ సాయుధ పోరాటంలో మన అక్కలు తుపాకులు పట్టారు. కానీ వాళ్లు ఒంటరిగా పట్టలేదు, వెనక సంఘం ఉంది. ఇప్పుడు అమ్ముతున్నది ఒంటరితనాన్ని. రేపు దాడి జరిగితే “తుపాకీ ఎందుకు కొనుక్కోలేదు?” అని మననే నిలదీస్తారు.

మనం అడగాల్సింది వేరు. ఫిర్యాదు రాసుకునే స్టేషను కావాలి. 2005 గృహహింస చట్టం చెప్పిన రక్షణాధికారికి వేరే పనులు అప్పగించకూడదు. రాత్రిపూట బస్సు, వీధిలో దీపం, ఇల్లు వదిలొచ్చిన స్త్రీకి తలదాచుకునే చోటు కావాలి. ఇవి మన హక్కులు. వీటిని మన పర్సులోంచి కొనుక్కోమంటే ఒప్పుకోవద్దు.