థీసిస్ ఒళ్లో పెట్టుకుని రాయొద్దు

ఆ అమ్మాయిది పీహెచ్‌డీ నాలుగో ఏడు. మూడు నెలల్లో థీసిస్ ఇచ్చేయాలి. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతున్నాయని మా ఓపీకి వచ్చింది. రాత్రిళ్లు మెలకువ వచ్చి చెయ్యి విదిలించుకుంటే గానీ తగ్గడం లేదట. ‘కూర్చుని చదువుకునే పిల్లకి ఈ నొప్పులేంటి సార్?’ అంది వెంట వచ్చిన వాళ్లమ్మ. ఎక్కడ కూర్చుని రాస్తావమ్మా అని అడిగాను. హాస్టల్ గదిలో మంచం మీదట. ఒళ్లో దిండు, దాని మీద ల్యాప్‌టాప్. రోజుకు పది గంటలు!

సరిగ్గా కూర్చోరంటూ పిల్లల్నే తిడతాం గానీ, సగం తప్పు ల్యాప్‌టాప్‌ది. స్క్రీనూ కీబోర్డూ అతుక్కుని ఉండటమే దాంతో చిక్కు. చేతులకు అనువుగా కింద పెడితే మెడ వంగుతుంది. కళ్లకు ఎదురుగా ఎత్తితే భుజాలు, మణికట్లు ఇబ్బంది పడతాయి. మన తల బరువు దాదాపు అయిదు కిలోలు. ముందుకు వంగేకొద్దీ ఆ భారం మెడ వెనక కండరాల మీద పడుతుంది.

కాబట్టి రెంటినీ విడదీయాలి. విడిగా ఓ కీబోర్డు, మౌస్ కొనివ్వండి. ల్యాప్‌టాప్ కింద లావుపాటి పుస్తకాలు పేర్చి స్క్రీన్ పై అంచును కళ్ల మట్టానికి తేవాలి. రీసెర్చ్ చేసేవాళ్ల గదిలో పుస్తకాలకు కొదవుండదు కదా! స్క్రీన్ చెయ్యి చాపినంత దూరంలో ఉండాలి. మోచేతులు ఒంటికి దగ్గరగా, మణికట్టు వంగకుండా ఉండాలి. మన బల్లలు సాధారణంగా రెండున్నర అడుగుల ఎత్తుంటాయి. అయిదడుగుల అమ్మాయికి అది ఎక్కువే. కుర్చీలో దిండు వేసుకుని, పాదాలు వేలాడకుండా కింద పీట పెట్టుకుంటే సరిపోతుంది.

చిటికెనవేలు తిమ్మిరెక్కుతుంటే మోచేతిని గమనించాలి. బల్ల అంచు మీద గంటలకొద్దీ ఆనిస్తే అక్కడి నరం నలుగుతుంది.

ఎంత మంచి కుర్చీ అయినా కదలకుండా కూర్చుంటే లాభం లేదు. నీళ్ల సీసాను గదిలో అవతలి మూల పెట్టమంటాను, తాగాలంటే లేవాల్సిందే. కళ్లకైతే 20 నిమిషాలకోసారి, 20 అడుగుల దూరంలోని దేన్నైనా 20 సెకన్లు చూస్తే చాలు.

అలాగని ప్రతి తిమ్మిరినీ కంప్యూటర్ మీదికి నెట్టేయకూడదు. షుగర్, థైరాయిడ్, బి12 లోపం కూడా ఇలాగే మొదలవుతాయి. ఆ అమ్మాయికి రక్తపరీక్షలో థైరాయిడ్ లోపం కూడా బయటపడింది. దానికి మాత్రలు, రాత్రిపూట మణికట్టు వంగకుండా స్ప్లింట్ ఇచ్చాం. రాయడం మానమని చెప్పలేదు, మంచం దిగమన్నాను.

నాకు భయం వేసేది ‘థీసిస్ అయ్యాక చూపిద్దాంలే’ అనే మాటకే. మణికట్టులో నరం ఎక్కువకాలం నలిగితే బొటనవేలి మొదట్లో కండ తరిగిపోతుంది. అప్పుడు ఆపరేషన్ చేసినా పూర్తి బలం తిరిగి రాకపోవచ్చు. చేతిలోంచి గ్లాసు జారిపోతున్నా, చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవుతున్నా వెంటనే డాక్టరుకు చూపించండి. మెడ, నడుంనొప్పితో పాటు కాళ్లలో బలం తగ్గినా, మూత్రం మీద పట్టు తప్పినా అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి.