ఇంటర్వెల్లో కీరా... ఇంట్లో అన్నం!

పోయిన ఆదివారం హనుమకొండలో ఫస్ట్‌షోకి వెళ్ళాం. ఇంటర్వెల్లో జనమంతా సమోసాల మీద ఎగబడుతుంటే, మాతో వచ్చిన మా చెల్లెలి స్నేహితురాలు బ్యాగులోంచి చిన్న డబ్బా తీసింది. నిండా కీరా ముక్కలు! 'శభాష్!' అనుకున్నాను. తీరా సినిమా వదిలాక చూద్దునుగదా, మెట్ల మీద కళ్ళు తిరిగి కూలబడిపోయింది. ఆరా తీస్తే తేలిందేమిటంటే... పది రోజులుగా ఆ పిల్ల రెండు పూటలా తింటున్నవి ఆ ముక్కలే!

"సన్నగుండాలంటే గిట్లనే తినాలె గదన్నా!" అంది నీరసంగా.

ఇక్కడే వచ్చింది చిక్కు. కీరాది తప్పు కాదు. దానికి ఆ పిల్ల ఇచ్చిన వేషమే తప్పు!

కీరాలో నూటికి 95 పాళ్ళు నీళ్ళే. 100 గ్రాములు తిన్నా సుమారు 15 క్యాలరీలే. ముల్లంగి 16, టమాటా 18, కాస్త తియ్యటి క్యారెట్ కూడా 41 దగ్గరే ఆగుతుంది. మరి ఆలూ చిప్స్? అదే 100 గ్రాములకు 500 పైమాటే! పచ్చి కూరగాయల్లో నీరూ, పీచూ ఉంటాయి కనుక పొట్ట నిండుతుంది. కరకరా నమలాలి కనుక తినడమూ నిదానిస్తుంది. ఆకలి కాస్త నెమ్మదిస్తుంది.

అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీకి చెందిన బార్బరా రోల్స్ బృందం 2004లో దీని సంగతి తేల్చింది. కొందరు ఆడవాళ్ళకు భోజనానికి ముందు తక్కువ క్యాలరీల సలాడ్ పెద్ద ప్లేటుడు పెట్టారు. సలాడ్‌తో కలిపి లెక్కేసినా, ఆ పూట తిన్న క్యాలరీలు 12 శాతం తగ్గాయి. అదే సలాడ్‌లో చీజూ, నూనె సరుకూ దట్టిస్తే? 17 శాతం పెరిగాయి! అంటే కీరా మీద గుప్పెడు మిక్చర్ చల్లుకుంటే కథ మొదటికొచ్చినట్టే.

గమనించారా? సలాడ్ తర్వాత వాళ్ళకి భోజనం కూడా పెట్టారు! కీరా సైడ్ క్యారెక్టర్ మాత్రమే. హీరో వేషం అన్నం, పప్పు, గుడ్డు, పెరుగులదే. కండకి కావలసిన మాంసకృత్తులు కీరాలో నామమాత్రం. వాటిని మానేస్తే నీరసం రాక ఏమొస్తుంది?

2007లో 'యమదొంగ'లో సన్నబడ్డ జూనియర్ ఎన్టీఆర్‌ని చూసి ముక్కున వేలేసుకున్నాం. 2015లో 'సైజ్ జీరో' కోసం అనుష్క కావాలనే లావయ్యారు. త్వరగా సన్నబరుస్తామనే క్లినిక్కుల్ని నిలదీసిన సినిమా అది. తారలకు ట్రైనర్లూ, డాక్టర్లూ వెనకుంటారు. మన వెనక ఉండేది హాస్టల్ మెస్సేగా!

కనుక నా మాట వినండి. కాలేజీ నుంచి ఆకలితో ఇల్లు చేరగానే సకినాల డబ్బా మీద చెయ్యి పడకముందే, కడిగి తరిగిన కీరా, క్యారెట్ గిన్నెడు ముందు పెట్టుకోండి. నిమ్మరసం పిండుకోండి, ఉప్పు మాత్రం చిటికెడే. అప్పటికీ ఆకలి తీరకపోతే గుప్పెడు ఉడికించిన శనగలు తినండి. బండి మీద కోసి ఉంచిన ముక్కల జోలికి పోకండి, కళ్ళ ముందే కోయించుకోండి. తరచు కళ్ళు తిరుగుతున్నా, తిండి చూస్తేనే భయమేస్తున్నా దాచుకోకుండా ఇంట్లో చెప్పి డాక్టర్‌ని కలవండి.

అన్నట్టు, ఆ రాత్రి ఆ పిల్లకి మా అమ్మ పప్పన్నం కలిపి పెట్టింది. పక్కన కీరా ముక్కలూ వేసింది. రెండూ ఖాళీ చేసి, "సెకండాఫ్ మళ్ళొకసారి చూడాలె అన్నా, ఒక్కటీ ఎక్కలే!" అంది.

అదండీ సంగతి! వచ్చే వారం కలుద్దాం.