నడవని బండి, దక్కని హక్కు

స్త్రీల ఆస్తి హక్కు అనగానే మనం భూమి గురించి, ఇంటి గురించి మాట్లాడతాం. పట్టా ఎవరి పేరున ఉందని అడుగుతాం. యంత్రాల గురించి అంతగా అడగం. భర్త చనిపోయిన ఇంట్లో మోటారు సైకిలు, కారు, ట్రాక్టరు, బోరు మోటారు ఏమయ్యాయని ఎవరూ విచారించరు. చాలా ఇళ్ళలో అవి ఓ మూలన పడి ఉంటాయి. ఏడాదికో రెండేళ్ళకో "తుప్పు పట్టిపోతోంది, వచ్చినకాడికి అమ్మేద్దాం" అని మగవాళ్ళు తీర్మానిస్తారు. చట్టం ఆ వస్తువులో ఆమెకు వాటా ఇచ్చింది. కానీ దాన్ని కదిలించడం ఆమెకు చేతకాదన్న నమ్మకమే ఆ తీర్మానానికి బలం. ఆ నమ్మకం ఆమెలోనూ ఉంటుంది.

ఈ మాటలు ఊహించి రాస్తున్నవి కావు. తెలంగాణలో ఒక చిన్న మండల కేంద్రంలో ఉండే మా సంఘ సభ్యురాలి భర్త 2022లో చనిపోయాడు. 2009లో కొన్న మారుతి 800 అప్పటి నుంచీ పెరట్లో రేకుల కింద నిలబడిపోయింది. అత్తగారికి వారానికి రెండుసార్లు డయాలసిస్. జిల్లా ఆస్పత్రి 30 కిలోమీటర్లు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితమైన మాట నిజమే గానీ, తెల్లవారుజామున ఆరింటికి యంత్రం దగ్గర ఉండాల్సిన మనిషికి ఆ వేళకు బస్సు లేదు. రానూపోనూ ఆటోకి 700 రూపాయలు. మరిది మాత్రం పాత ఇనుము వ్యాపారిని తీసుకొచ్చి కారుకు 18 వేలు బేరం పెట్టాడు. ఆమె మా దగ్గరకొచ్చి అడిగిన ప్రశ్న ఒక్కటే: "దీన్ని మళ్ళీ నడిపించలేమా?"

నాకు బానెట్ ఎత్తడం కూడా కొత్తే. ఆమెకూ అంతే. మేమిద్దరం కొన్ని ఆదివారాలు ఆ బండి దగ్గరే గడిపాం. చేసిందంతా ఇక్కడ వివరంగా రాయడానికి కారణం ఉంది. "అది ఆడవాళ్ళకు అర్థం కాదు" అని చెప్పే విద్య నిజానికి ఎంతటిదో పాఠకులే చూడాలి.

మొదటి నియమం: ఎన్నాళ్ళో నిలబడిన బండికి తాళం పెట్టి తిప్పకూడదు. ముందు చూడాలి. బానెట్ ఎత్తితే ఎయిర్ ఫిల్టరు డబ్బాలో ఎలుక గూడు, కొరికిన రెండు వైర్లు కనిపించాయి. పెట్రోలు గొట్టాలు బీటలిచ్చాయా, కింద ఏమైనా కారిందా, పెట్రోలు వాసన వస్తోందా అన్నది చూశాం. అది చూడకుండా స్టార్ట్ చేస్తే మంట లేచే ప్రమాదముంది.

తర్వాత బ్యాటరీ. నిండా ఛార్జింగ్ ఉంటే 12.6 వోల్టుల దాకా చూపాలి. మా మీటరు 4 చూపింది. వాడినా వాడకపోయినా బ్యాటరీ తనంతట తానే దిగిపోతుంది. మూడేళ్ళు అలా పడి ఉన్నది మళ్ళీ ఛార్జింగ్ పట్టదు. కొత్తది వేశాం. విప్పేటప్పుడు ముందు మైనస్ వైరు, బిగించేటప్పుడు చివర మైనస్ వైరు. కారు ఇనుప ఒళ్ళంతా మైనస్‌కే కలిసి ఉంటుంది. ముందుగా ప్లస్ విప్పబోతే, చేతిలోని పానా ఒంటికి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. కారణం చెబితే ఈ నియమం ఎవరికైనా ఒక్కసారిలో గుర్తుండిపోతుంది. కారణం చెప్పకుండా "ముట్టుకోవద్దు" అనడమే మనకు ఇన్నాళ్ళూ అలవాటు చేశారు.

పాత పెట్రోలు తీయించాం. నెలల తరబడి నిలవ ఉంటే అందులో తేలిగ్గా మండే భాగం ఆవిరైపోయి జిగురు మిగులుతుంది. ఇంజన్ ఆయిలు, దాని ఫిల్టరు మార్చాం. స్పార్క్ ప్లగ్గులు తీసి ఒక్కో రంధ్రంలో కొద్ది చుక్కల ఆయిలు వేసి రాత్రంతా వదిలేశాం. మర్నాడు గేరు తప్పించి, ముందున్న కప్పీ బోల్టుకు పానా పెట్టి ఇంజన్‌ను చేత్తో మెల్లగా తిప్పాం. తిరిగింది. అంటే లోపల పట్టేయలేదన్న మాట. ఆ క్షణాన ఆమె ముఖంలోని సంతోషం ఏ శిక్షణ శిబిరంలోనూ నేను చూడలేదు.

టైర్ల మీద అరుగుదల లేదు, బాగున్నాయని మరిది అన్నాడు. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. మా టైర్ల మీద 1813 అని ఉంది, అంటే 2013లో పద్దెనిమిదో వారంలో తయారైనవి. పక్కలన్నీ సన్నటి పగుళ్ళు. నాలుగూ మార్చక తప్పలేదు. హ్యాండ్ బ్రేకు లాగి వదిలేసినందువల్ల వెనక చక్రాలు పట్టేశాయి. బ్రేకుల పనికి, టైమింగ్ బెల్టుకి మాత్రం మెకానిక్‌ను పిలిచాం. ప్రాణం ఆధారపడేచోట తెలిసినవాళ్ళ చేయి తీసుకోవడంలో చిన్నతనమేమీ లేదు. వచ్చినతను పనిమంతుడే. కానీ ఏ భాగం మార్చాలన్నా, ఎంతవుతుందన్నా, ఎదురుగా నిలబడ్డ యజమానురాలిని వదిలేసి మరిదికి ఫోన్ చేసి చెప్పాడు. మూడోసారి ఆమె "డబ్బిచ్చేది నేను, నాతో చెప్పు తమ్ముడూ" అంది. ఆ తర్వాత ఆమెతోనే మాట్లాడాడు.

చివరికి బండిని రేకుల కింద నుంచి ఆరుబయటికి నెట్టి (మూసిన చోట ఇంజన్ పొగ ప్రాణం తీస్తుంది) సెల్ఫ్ కొట్టాం. పది సెకన్లకు మించకుండా, మధ్యలో కాసేపు ఆగుతూ. మూడోసారికి అందుకుంది.

ఇంజన్ నడిచినంత మాత్రాన బండి వీధిలోకి రాదు. అసలు తుప్పు కాగితాలకు పట్టి ఉంది. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989 ప్రకారం యజమాని చనిపోతే, బండి వాడుకోదలచిన వారసులు 30 రోజుల్లోగా ఆ సంగతి రిజిస్ట్రేషన్ అధికారికి తెలపాలి. మూడు నెలల్లోగా ఫారం 31తో పేరు మార్పుకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఇది ఆమెకు ఎవరూ చెప్పలేదు. దినాలు కాకముందే బ్యాంకు పాసుపుస్తకాలు వెతికిన బంధువుల్లో ఒక్కరికీ ఈ ఊసు తట్టలేదు. బీమా ఎప్పుడో ఆగిపోయింది. సొంత కారు రిజిస్ట్రేషన్‌కు 15 ఏళ్ళే గడువు గనక అది కూడా 2024లో ముగిసింది. తీరిపోయిన బ్యాంకు అప్పు ఆర్.సి. మీద ఇంకా అలాగే ఉంది. బ్యాంకు నుంచి పత్రం తెచ్చి ఫారం 35 ఇస్తేగాని అది తొలగదు. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఆలస్యానికి రుసుము – అన్నీ అయ్యేదాకా బండి ప్రహరీ దాటలేదు. తనిఖీకి కూడా వేరే వాహనం మీద ఎక్కించే తీసుకెళ్ళాం.

ఇక్కడే హక్కు సంగతి తేలింది. "అన్న బండి, ఇంటిది" అని మరిది వాదన. హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం వీలునామా లేకుండా చనిపోయిన మగవాడి స్వార్జితంలో భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు, తల్లికి సమాన వాటాలు. వాళ్ళలో ఒక్కరున్నా తమ్ముడికి వాటా లేదు. ముస్లిం కుటుంబాల్లో పిల్లలుంటే భార్యకు ఎనిమిదో వంతు, క్రైస్తవ కుటుంబాల్లో 1925 నాటి భారతీయ వారసత్వ చట్టం ప్రకారం మూడో వంతు. ఈమెకున్నది ఒక్క కూతురు, మైనరు. మిగిలిన వారసురాలు అత్తగారు. "నన్ను ఆస్పత్రికి తిప్పేది అదే. సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పండి" అందామె. అత్తాకోడళ్ళ మధ్య తగువే తప్ప మరొకటి చూడని మన కథలకు, సినిమాలకు ఆ సంతకం ఒక జవాబు. ఇంకొక్క మాట: 2021 సవరణ తర్వాత ఆర్.సి.లోనే నామినీ పేరు నమోదు చేయించుకోవచ్చు. ఇది సంఘాల్లో అందరికీ చెప్పదగ్గ విషయం.

ఖర్చు మొత్తం 27 వేలయింది. ఇనుము బేరం కన్నా ఎక్కువే. పెట్రోలు పోను, మిగిలే ఆటో కిరాయి లెక్కేస్తే తొమ్మిది నెలల్లో తిరిగొస్తుంది. ఆమె లెర్నర్స్ లైసెన్సు తీసుకుని, 'ఎల్' బోర్డుతో, లైసెన్సున్న మేనకోడలిని పక్కన కూర్చోబెట్టుకుని నేర్చుకుంది. తర్వాత పరీక్ష పాసైంది.

కారు మధ్యతరగతి గోల, మన ఉద్యమానికి దాంతో పనేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం వేలాది గ్రామీణ స్త్రీలకు సైకిలు నేర్పినప్పుడూ ఇలాంటి ప్రశ్నే వచ్చింది. చదువుకీ సైకిలుకీ ఏం సంబంధమని. సైకిలెక్కిన ఆడది బస్సు కోసం, మగవాడి కోసం ఎదురుచూడటం మానేసింది. అదే సంబంధం. ఉత్తర ప్రదేశ్ బాందా జిల్లాలో మహిళా సమాఖ్య దళిత, ఆదివాసీ స్త్రీలకు చేతిపంపుల మరమ్మతు నేర్పింది. నీళ్ళు మోసేది ఆడవాళ్ళు, పంపు విప్పే పానా మగవాళ్ళ చేతిలో అన్న ఏర్పాటును అది ప్రశ్నించింది. 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో తొలి మహిళా బస్సు డ్రైవరుగా చేరిన సరిత మన నల్లగొండ జిల్లా అమ్మాయే. శ్రమ విభజన ప్రకృతి సిద్ధమైనదని అనుకునేవాళ్ళకు ఇన్ని రుజువులు చాలవా? ఇక రైతు ఆత్మహత్య జరిగిన ఇంట్లో బోరు మోటారు, స్ప్రేయరు, ట్రాక్టరు అప్పు మొయ్యాల్సింది ఎవరు? కారు ఒక ఉదాహరణ మాత్రమే.

కాబట్టి మన సంఘాలు రెండు పనులు చేపట్టాలని నా ప్రతిపాదన. ఒకటి, ఒంటరి స్త్రీల సర్వేల్లో భూమి, ఇల్లు, రేషను కార్డుతో పాటు "ఇంట్లో యంత్రాలేమున్నాయి? ఎవరి పేరున? ఎవరు వాడుతున్నారు?" అన్న మూడు ప్రశ్నలు చేర్చాలి. భర్త పోయిన ముప్పై రోజుల్లోపు చేయాల్సిన పనుల పట్టికలో వాహనం సంగతి ఉండాలి. రెండు, చట్టాల శిక్షణతో పాటు ఏడాదికి ఒక్క రోజైనా పానా పట్టే శిక్షణ పెట్టాలి. టైరు మార్చడం, బ్యాటరీ విప్పడం, ఆయిలు చూడటం, మోటారు స్టార్టరు సరిచేయడం. నేర్పడానికి మగ మెకానిక్‌లను పిలుద్దాం, నేర్చుకున్న ఆడవాళ్ళతో తర్వాతి జట్టుకు నేర్పిద్దాం.

వాటా ఇచ్చేది చట్టం. దాన్ని వాడుకునే నేర్పు మాత్రం మనమే ఒకరికొకరం అందించుకోవాలి. మీ ఊళ్ళో, మీ పక్కింట్లో రేకుల కింద మూలుగుతున్న బండి ఎవరిదో ఈ వారమే ఒకసారి విచారించండి. పత్రికకు రాయండి.