మాత్రతో పాటు మాట కూడా

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. బడుల్లో వారానికో ఐరన్ మాత్ర ఇచ్చేది ఈ రక్తహీనతను తగ్గించడానికే. సరిహద్దుకు ఇవతల ఉన్న మా తెలుగు బడికి మాత్రలు వచ్చాయి, కరపత్రం మాత్రం రాష్ట్ర భాషలోనే వచ్చింది. బిడ్డకు విరేచనం నల్లగా అయిందని ఒక తల్లి భయపడి మాత్ర మాన్పించింది. ఐరన్‌తో అలా అవడం మామూలేనని మేము తెలుగులో చెప్పాకే ఒప్పుకుంది. సర్వేకు ఖర్చయింది మన పన్నుల డబ్బు. దాని ఫలం మన పిల్లలకు అందాలంటే కరపత్రం తెలుగులోనూ అచ్చు వేయాలి. అందాకా మేమే చీటీ రాసి పంపుతాం: అన్నం తిన్నాకే మాత్ర, వెంటనే టీ వద్దు. తల్లిదండ్రులు దాన్ని తప్పక చదవాలి.