చేయని అప్పునకు పద్దు

అప్పు చేసినవాడు తీర్చవలెను. తీర్చనివానికి మరల అప్పు పుట్టదు. ఇందు వివాదము లేదు. కాని అప్పు చేయనివాని పేర పద్దు వ్రాసి, ఆ పద్దునే చూపి వానికి అప్పు లేదనుట యే న్యాయమో మాకు బోధపడుట లేదు. కుమార్తె చదువునకో, యిల్లు కట్టుకొనుటకో, పంట పెట్టుబడికో బ్యాంకునకు పోయిన గృహస్థునితో, అతడెన్నడును పేరైన వినని సంస్థయొద్ద అతనికి బాకీ యున్నదనియు, వాయిదాలు తప్పినవనియు అచటి ఉద్యోగి చెప్పును. ఇట్టి ఫిర్యాదులు పట్టణములందును పల్లెలందును వినవచ్చుచున్నవి.

ప్రజలు వాడుకలో సిబిల్ అని పిలుచు పరపతి నివేదిక నిజమునకు ఒక్కరి పుస్తకము కాదు. ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ అను నాలుగు సంస్థలు మన దేశమున ఈ లెక్కల నుంచుచున్నవి. ఋణమిచ్చు సంస్థలన్నియు ఈ నాలిగింటను సభ్యులుగా నుండవలెనని రిజర్వుబ్యాంకువారు 2015లో శాసించిరి. కావున ఒకచోట పుట్టిన అబద్ధము నాలుగుచోట్ల నెక్కును. మునుపు నెలకొకసారి పంపు లెక్కలను 2025 జనవరి నుండి పక్షమున కొకసారి పంపవలెనను నియమము వచ్చినది. మంచిదే, కాని అబద్ధపు పద్దునకును అదే వేగము గలిగినది.

ఈ మోసమునకు గొప్ప విద్య యక్కరలేదు. పాన్ సంఖ్య, ఆధారు నకలు, ఒక ఫోను ఉన్న చాలును. 2022లో ఒక ప్రసిద్ధ చలనచిత్రనటియే తన పాన్ సంఖ్యపై ఎవరో రెండువేల రూపాయల అప్పు తీసి తన పరపతిని చెరచిరని బహిరంగముగా మొరపెట్టుకొనెను. ఆమె మొర దేశమంతయు విన్నది. సామాన్యుని మొర యెవరు విందురు? భూములు గలవారు మరియొక సంగతిని గూడ మరువరాదు. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డుల వ్యాపారి యొకడు, రిజిస్ట్రేషను శాఖవారి వెబ్‌సైటునందలి భూమి దస్తావేజులనుండి జనుల వేలిముద్రలను ఎత్తి, నకలు ముద్రలు చేసి, వానితో వేలకొలది సిమ్ కార్డులను చెల్లించినట్లు పోలీసులు కనిపెట్టిరి. అమ్మకములు హెచ్చుగా చూపుటకే అతడింత చేసెనట! అప్పులకే దిగినవాడు ఎంత చేయగలడో పాఠకులే యూహింపవచ్చును.

పూర్వము పల్లెలో షాహుకారు తెల్లకాగితముపై నిశానీ వేయించుకొని దొంగ ప్రోనోటు సృష్టించిన కథలు మన పెద్దలు చెప్పగా వినియున్నాము. ఆ షాహుకారును మేము మెచ్చుకొనుట లేదు. అయినను అతడు బాకీ రాబట్టుకొనవలెనన్న కోర్టునకు పోవలెను. ప్రతివాది ఆ వ్రాలు నాది కాదనినచో, అది అతనిదేయని రుజువు చేయు భారము వాదిపై నుండెను. నోటు చూపవలెను, సాక్షిని తేవలెను. ఇప్పుడో, నోటు లేదు, సాక్షి లేడు, కోర్టు లేదు. ఋణదాత తన పుస్తకమున వ్రాసికొనినదే తీర్పు; ఆ దినము నుండియే శిక్ష అమలు జరుగును.

ఇందుకు మూలము 2005 సంవత్సరపు పరపతి సమాచార సంస్థల చట్టములోనే యున్నది. తప్పును దిద్దుమని కోరు హక్కును 21వ సెక్షను పౌరునకు ఇచ్చినది. కాని ఆ దిద్దుబాటు సరియైనదని ఋణదాత ధ్రువపరచిన పిదపనే చేయవలెనని అచటనే షరతు పెట్టినది. అనగా ఎవడు తప్పు వ్రాసెనో వాడే న్యాయాధిపతి. అంతటితో ఆగలేదు. వివాదము కోర్టులో నుండగా దిద్దుబాటు చేయరాదనియు, అంతవరకు ఋణదాత పుస్తకములోని లెక్కయే చెల్లుననియు అందే యున్నది! న్యాయముకొరకు కోర్టు మెట్లెక్కినవానికి ఆ మెట్లే అడ్డుగోడ లగుచున్నవి.

రిజర్వుబ్యాంకువారు ఏమియు చేయలేదనుట అన్యాయము. 2023 అక్టోబరులో వారు చేసిన ఉత్తర్వు ప్రకారము ఫిర్యాదు ముప్పది దినములలో తీరనిచో, అటుపై దినమునకు నూరు రూపాయల చొప్పున ఫిర్యాదిదారునకు పరిహార మీయవలెను. ఋణదాత ఇరువదియొక్క దినములలో జవాబీయనిచో ఆ భారము అతనిది. అతడిచ్చినను పరపతి సంస్థ ఆలసించినచో దానిది. 2022 సెప్టెంబరు నుండి పరపతి సంస్థలను గూడ అంబుడ్స్‌మను విచారణలోనికి తెచ్చిరి. కాని ఈ పరిహారము ఆలస్యమునకే గాని అబద్ధమునకు కాదు. ముప్పదవ దినమున "మా లెక్క సరియే" యని ఒక్క వాక్యము వ్రాసి పంపిన సంస్థకు నూరు రూపాయల భయమైనను లేదు.

చిక్కుకొనినవారికి మా సలహా యొకటి. చిన్న మొత్తమే గదా, కట్టి వదిలించుకొందమని తలపరాదు. కట్టినచో అది తీరిన అప్పుగా మీ పేరనే నిలుచును. మీరు చేయలేదను మాట బలహీనపడును. నాలుగు సంస్థలును ఏటేట ఒకసారి పూర్తి నివేదికను ఉచితముగా ఇయ్యవలెనను నియమము 2017 నుండి యున్నది. నాలిగింటిని తెప్పించి చూడవలెను. పోలీసులకు గాని, 1930 సంఖ్యకు గాని ఫిర్యాదు చేసి దాని నకలు దగ్గర నుంచుకొనవలెను. పిదప ఋణదాతకును పరపతి సంస్థకును వ్రాతమూలముగా తెలిపి, దరఖాస్తును, అందలి ఛాయాచిత్రమును చూపుమని అడుగవలెను. అన్నిటికన్న ముఖ్యముగా, సొమ్ము ఏ ఖాతాలో జమయైనదని అడుగవలెను. ఫోనుద్వారా ఇచ్చు అప్పులు సామాన్యముగా ఋణగ్రహీత సొంత బ్యాంకుఖాతాకే చేరవలెనని 2022లోనే రిజర్వుబ్యాంకువారు నిర్బంధించిరి గనుక ఈ ప్రశ్నకు జవాబు తప్పించుకొనుట కష్టము. ముప్పది దినములు గడచినను జవాబు రానిచో, వచ్చిన జవాబు తృప్తికరము కానిచో, రుసుము లేకయే అంబుడ్స్‌మనునకు వ్రాయవచ్చును. సిబిల్ బాగుచేయుదుమని వేలు గుంజు దళారుల గడప త్రొక్కనక్కరలేదు.

అయినను ఇంత తిరుగుట నిర్దోషి పని యేల కావలెను? పౌరుడు ఈ అప్పు నాది కాదని పోలీసు ఫిర్యాదుతో ప్రమాణపూర్వకముగా చెప్పిన దినము నుండి, ఋణదాత పత్రమును, సొమ్ము చేరిన ఖాతాను చూపువరకు, ఆ పద్దును స్కోరు లెక్కనుండి తొలగింపవలెను. వివాదములో నున్నదని ప్రక్కన గుర్తు పెట్టినంతమాత్రమున చాలదు. గడువులో చూపలేనిచో ఋణదాత సమ్మతితో నిమిత్తము లేక నాలుగు సంస్థలును దానిని కొట్టివేయవలెను. ఇందుకై 21వ సెక్షనులోని ఆ రెండు షరతులను సవరింపవలెను. ఇది రిజర్వుబ్యాంకు ఉత్తర్వుతో నగు పని కాదు, పార్లమెంటు చేయవలసినది. రెండు తెలుగు రాష్ట్రములనుండి ఎన్నికైన సభ్యులు పార్టీభేదము లేక ఈ సవరణను ప్రతిపాదింతురని ఆశించుచున్నాము.