పెరటి తోటకు ఊరి గురువులే కావాలి

ఇబ్రహీంపట్నం ప్రాంతంలో పండిన కూరగాయలు హైదరాబాదు మార్కెట్లకు పోతున్నాయి. పండించే ఊళ్లలోనే చాలా ఇళ్ల పెరళ్లు మాత్రం ఖాళీగా ఉన్నాయి. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఆకుకూర ఒక్కటే దీనికి మందు కాదు. అయినా పెరట్లో తోటకూర, మునగ ఉంటే ఆ మేరకు పోషకాహారం కొనకుండానే కంచంలోకి వస్తుంది.

విత్తనాలు పంచినంత మాత్రాన తోటలు లేవవు. బీరతీగకు పురుగు పట్టిన నాడు అడగడానికి మనిషి ఉండాలి. ఆ మనిషి పక్కింటావిడే అయితే మరీ మేలు. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం అనుభవం గల రైతులనే తోటి రైతులకు శిక్షకులుగా నిలిపింది. జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు పాత విత్తనాలను కాపాడి ఇచ్చిపుచ్చుకుంటున్నారు.

మన ఊళ్లలోనూ ప్రతి మహిళా సంఘం నుంచి ఇద్దరికి శిక్షణ ఇవ్వాలి. హయత్‌నగర్ కృషి విజ్ఞాన కేంద్రం, ఉద్యానశాఖ పూనుకుంటే ఇది అసాధ్యమేమీ కాదు. వాడిన నీటిని అరటి పాదుకు మళ్లించడం, లీటరు నీటిలో 50 గ్రాముల వేపగింజల పొడి రాత్రంతా నానబెట్టి, వడకట్టి చల్లడం, ముదిరిన కాయను విత్తనానికి వదలడం చేసి చూపాలి. ఉపన్యాసాలు చాలవు.

నేర్చుకున్నవారు తలా పదిళ్లు చూసుకోవాలి. అందుకు పోయిన కూలిని పంచాయతీ భరించాలి. సేవ పేరిట పేదరాలి కూలి పోగొట్టడం న్యాయం కాదు. తొలకరికి ముందే శిక్షణ జరగాలని గ్రామసభలో అడగవలసింది మనమే.