మందు కర్నూలులో కొన్నా ఫిర్యాదు ఇక్కడే

ఆలంపూర్‌లో అర్ధరాత్రి ఎవరికైనా ఛాతీలో నొప్పి వస్తే బండి హైదరాబాద్ వైపు తిరగదు. తుంగభద్ర వంతెన దాటి కర్నూలు పోతుంది. ఉన్నది పాతిక కిలోమీటర్ల దూరమే. 2014లో రాష్ట్రం రెండుగా విడిపోయినా ఆ దారి మారలేదు. కాన్పులు, మోకాలి ఆపరేషన్లు, గుండెకు స్టెంట్లు, నెలనెలా బీపీ, షుగర్ మాత్రలు... ఈ ప్రాంతంలో చాలా కుటుంబాలకు అన్నీ అక్కడే.

మరి ఆ మందు వికటిస్తే? ఒంట్లో పెట్టిన పరికరంలోనే లోపం ఉంటే? ‘అది వేరే రాష్ట్రం, ఎవరి చుట్టూ తిరుగుతాం’ అని ఊరుకుంటాం. ఆ భయానికి ఒకప్పుడు అర్థం ఉండేది. 1986 నాటి వినియోగదారుల చట్టం ప్రకారం అవతలి పక్షం ఉన్నచోటో, వివాదం పుట్టినచోటో కేసు వేయాలి. 2020 జులై 20న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం మనకు మరో దారి తెరిచింది. ఫిర్యాదు చేసే వ్యక్తి నివసించే చోటు, పని చేసే చోటు కూడా ఇప్పుడు చెల్లుతుంది. అంటే కర్నూలులో కొన్న మందుపై, అక్కడ వేయించుకున్న స్టెంటుపై మన ఉమ్మడి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు.

ఈ చట్టం తెచ్చిన మరో మార్పు ఉత్పత్తి బాధ్యత. తయారీలో లోపం, డిజైన్‌లో లోపం, వాడే విధానంపైనా ప్రమాదాలపైనా సరైన హెచ్చరిక లేకపోవడం వల్ల హాని జరిగితే కంపెనీ నుంచి నష్టపరిహారం కోరవచ్చు. తయారీదారు ఎవరో తేలకపోతే అమ్మిన దుకాణం జవాబు చెప్పాలి. చెల్లించిన సొమ్ము 50 లక్షల రూపాయల వరకు ఉంటే జిల్లా కమిషన్ చాలు. 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయాలి.

చట్టం ఇంత ఇచ్చినా మన చేతికి న్యాయం అందాలంటే ఒకటి కావాలి. కాగితం. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

ఒక బహుళజాతి కంపెనీ తయారు చేసిన ఏఎస్ఆర్ అనే కృత్రిమ తుంటి కీలు సంగతి చూడండి. లోపం ఉందని 2010లో ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకున్నారు. అప్పటికే మన దేశంలో సుమారు 4,700 శస్త్రచికిత్సలు జరిగాయి. తర్వాత కేంద్రం నిపుణుల కమిటీ వేసి లెక్క తీస్తే దాదాపు 3,600 మంది ఆచూకీ దొరకలేదు. 2019లో ఢిల్లీ హైకోర్టు ముందు ఆ కంపెనీ, మళ్లీ ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చినట్టు నిర్ధారణైన 67 మందికి తలా 25 లక్షలు ఇవ్వడానికి ఒప్పుకుంది. వేల మందిలో 67 మంది! తన ఒంట్లో ఏ కంపెనీ కీలు ఉందో తెలియని మనిషి పరిహారం ఎలా అడగగలడు?

మందుల విషయమూ అంతే. 2025 అక్టోబరులో కోల్డ్‌రిఫ్ దగ్గు సిరప్‌లో విషపూరితమైన డైఇథిలిన్ గ్లైకాల్ ఉందని బయటపడింది. మధ్యప్రదేశ్‌లో 20 మందికి పైగా పిల్లలు చనిపోయారు. తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం కూడా హెచ్చరిక జారీ చేసింది. అందులో తల్లిదండ్రులు చూసుకోవాల్సిన ముఖ్యమైన వివరం ఎస్ఆర్-13 అనే బ్యాచ్ నంబరు. అట్టపెట్టె చెత్తబుట్టలో పారేసి, బిల్లు తీసుకోని ఇంట్లో ఆ నంబరును దేనితో పోల్చి చూస్తారు?

మందుల షాపులో బిల్లు అడిగితే ‘బిల్లు కావాలంటే జీఎస్టీ పడుతుంది’ అనే మాట మనలో చాలామంది విన్నదే. అందులో నిజం లేదు. మందు డబ్బాపై ముద్రించిన గరిష్ఠ ధర అన్ని పన్నులూ కలిపినదే. పైగా బిల్లు ఇవ్వకపోవడం 2019 చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి. తెలిసిన షాపతనే కదా అని మొహమాటపడతాం. పది రోజుల మాత్రలకు అడగని బిల్లు, ప్రాణం మీదికి వచ్చిన రోజు ఎంత వెతికినా దొరకదు.

ఆపరేషన్ విషయంలో ఇంకా పట్టుదల కావాలి. స్టెంటు, పేస్‌మేకర్, కీలు, కంటి లెన్స్ ఏది పెట్టినా దాని ప్యాకెట్‌పై కంపెనీ పేరు, మోడల్, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్ ఉంటుంది. అది డిశ్చార్జి కాగితాలపై అంటించమని అడగండి. కేసు రికార్డుల కోసం రాసి ఇస్తే 72 గంటల్లో ఇవ్వాలన్నది వైద్యుల వృత్తి నియమావళిలోనే ఉంది. వికటించిన మందు మిగిలి ఉంటే పారేయకండి. కొన్న మందును నిర్ణీత రుసుము కట్టి ప్రభుత్వ విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకునే హక్కు 1940 నాటి ఔషధ చట్టంలోని 26వ సెక్షన్ మామూలు మనిషికీ ఇచ్చింది. దుష్ప్రభావాలు తెలియజేయడానికి 1800-180-3024, వినియోగదారుల సలహాకు 1915 ఉన్నాయి. తెలంగాణలోని దుకాణాలపై ఫిర్యాదుకు 1800-599-6969.

ఒక జాగ్రత్త. డాక్టరు రాయని మందు సొంతంగా వాడినా, చెప్పిన మోతాదు మించినా ఉత్పత్తి బాధ్యత కేసు బలహీనపడుతుంది. పక్కింటివాళ్లకు పనిచేసిందని తెచ్చుకున్న మాత్రకు కంపెనీని నిలదీయడం కష్టం.

భారమంతా రోగి నెత్తిన వేసి ప్రభుత్వం తప్పుకుంటే మాత్రం కుదరదు. హక్కు ఆలంపూర్ గడప దాకా వచ్చినా కమిషన్ మహబూబ్‌నగర్‌లోనే ఉంది. వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం. ఆన్‌లైన్ ఫిర్యాదు, వీడియో విచారణ ఉన్నాయి గానీ, అవి చేతకాని పెద్దవాళ్ల కోసం కమిషన్ నెలకోసారైనా గద్వాలలో కూర్చోవాలి.

ఇంకో పెద్ద ఖాళీ ఉంది. 2016లో హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆస్పత్రిలో శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న 13 మందికి ఇన్‌ఫెక్షన్ సోకింది. వాడిన సెలైన్ సీసాల్లో బ్యాక్టీరియా బయటపడింది. అలాంటి బాధితుల పరిస్థితి ఏమిటి? అందరికీ పూర్తి ఉచితంగా చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి రాదని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు పెట్టగలిగినవాడికి ఉన్న సులువైన దారి పేదవాడికి లేదన్నమాట. సర్కారు దవాఖానాలో కలుషితమైన మందుతో నష్టపోయినవారికి నిర్దిష్ట గడువులో పరిహారం ఇచ్చే ఏర్పాటు రాష్ట్ర ప్రభుత్వం చేయాలి.

అది వచ్చేదాకా మన చేతిలో ఉన్న పని మనం చేద్దాం. భూమి పాస్‌బుక్కును, బంగారం రసీదును బీరువాలో దాచుకునే ఇళ్లు మనవి. స్టెంటు స్టిక్కర్‌కు, మందుల బిల్లుకు అదే బీరువాలో ఒక కవరంత చోటివ్వలేమా?